నంది ఎవరిది? ఉత్తమ దర్శకుడి బహుమతి చరిత్ర

లేపాక్షిలో ఏకశిలా నంది వున్నది. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటల పట్టెడ, చెవుల వంపు, ముందుకు చూస్తున్న ముఖం - ఇవన్నీ ఒకే రాతిలోంచి వచ్చాయి. ఆ ఆలయాన్ని కట్టించినవాడు అచ్యుతదేవరాయల కాలపు అధికారి విరూపణ్ణ అని చరిత్ర చెబుతుంది. ఆ రాతిని చెక్కినవాడు ఎవరో చరిత్ర చెప్పదు. డబ్బు పెట్టించినవాడి పేరు నిలిచింది, ఉలి పట్టినవాడి పేరు పోయింది.

1964లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెలుగు చలనచిత్రాలకు ఏటా బహుమతులివ్వ సంకల్పించినప్పుడు ఆ నందినే గుర్తుగా ఎంచుకున్నది. ఎంచుకున్నవారికి ఈ సంగతి తట్టిందో లేదో గాని, గుర్తుతోబాటు దాని చరిత్ర కూడా బహుమతికి అంటుకున్నది. కట్టించినవాణ్ణి గౌరవించాలా, చెక్కినవాణ్ణి గౌరవించాలా అన్న ప్రశ్న అరవై ఏళ్ళుగా ఈ బహుమతిని వెంటాడుతూనే వున్నది. ఉత్తమ దర్శకుడి బహుమతి కథ నిజానికి ఈ ప్రశ్న కథే. ఆ కథను క్లుప్తంగా చెప్పి, అందులోంచి నేను తీసే నిర్ణయాన్ని పాఠకుల ముందుంచుతాను.

ముందుగా 1964 నాటి పరిస్థితి చూడాలి. రాష్ట్రం ఏర్పడి ఎనిమిదేళ్ళు. రాజధాని హైదరాబాదు. కాని తెలుగు చిత్రాలు తయారయ్యేది మద్రాసులో. హైదరాబాదులో సారథి స్టూడియో వున్నా, నటులూ, సాంకేతికులూ, లాబొరేటరీలూ, పెట్టుబడీ అన్నీ అక్కడే. ఒక ప్రభుత్వం తన సరిహద్దుల బయట వున్న పరిశ్రమకు బహుమతులు ప్రకటించడం మామూలు విషయం కాదు. "మీరు మావాళ్ళు, ఇటు రండి" అని పిలవడం అందులో వున్నది. పిలవవలసింది ఎవరిని? డబ్బు పెట్టేవాణ్ణి. అతను కదిలితే తక్కినవాళ్ళు కదులుతారు. కాబట్టి మొదట బంగారు, వెండి, కంచు నందులు చిత్రాలకు ఇచ్చారు. చిత్రానికి ఇచ్చారంటే మొట్టమొదట నిర్మాతకు ఇచ్చినట్టు. నటులకూ, దర్శకులకూ, తక్కిన శాఖలవారికీ విడివిడిగా బహుమతులు చాలాకాలం తర్వాత గాని చేరలేదు.

ఇందులో ఆనాటి పరిశ్రమ స్వభావం కూడా వున్నది. వాహిని వారి చిత్రం, విజయా వారి చిత్రం, అన్నపూర్ణా వారి చిత్రం - జనం అలాగే అనేవారు. 1957లో వచ్చిన 'మాయాబజార్' ఈనాటికీ "విజయా వారి మాయాబజార్"గానే మన నోట వస్తుంది. దాన్ని తీసిన కె. వి. రెడ్డి పేరు తెలిసినవాళ్ళు చాలామందే వున్నారు. కాని ఆ పేరు ముందు రాదు. బి. ఎన్. రెడ్డి పేరు ముందు వస్తుంది. ఎందుకంటే వాహినిలో ఆయన దర్శకుడే కాదు, నిర్మాత కూడా. సంస్థ సొంతమైతే పేరు నిలుస్తుంది, కాకపోతే పని మాత్రమే నిలుస్తుంది. ఇది లేపాక్షి న్యాయమే.

ఇంకా వెనక్కు పోతే, దర్శకుడికి బహుమతి లేని రోజుల్లో అతని పనికి గుర్తింపు మరో రూపంలో వచ్చేది. గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీశాడు. రెండో చిత్రాన్ని బొబ్బిలి, వెంకటగిరి జమీందారులు అడ్డుకున్నారు. జమీందారీ రైతు గోడును తెరమీద చూపించినందుకు చిత్రం నిషేధానికి గురయింది. ఎవరి పని ఎవరికి తగిలిందో ఆ జమీందారులకు బాగా తెలుసు. నిర్ణేతల సంఘాలకంటే వాళ్ళే ముందుగా దర్శకుణ్ణి గుర్తించారని నేనంటే అది వెక్కిరింత కాదు. 1953లో ప్రజానాట్యమండలి నుంచి వచ్చిన డాక్టర్ గరికపాటి రాజారావు 'పుట్టిల్లు' తీశాడు. జమునను, అల్లు రామలింగయ్యను తెరకు పరిచయం చేసిన చిత్రం అది. డబ్బు రాలేదు. డబ్బు రాని దర్శకుడిని గుర్తుపెట్టుకునే యంత్రాంగం అప్పట్లో ఏదీ లేదు.

* * *

తొలి బంగారు నంది 1964 సంవత్సరానికి 'డాక్టర్ చక్రవర్తి'కి వచ్చింది. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' నవల ఆధారంగా అన్నపూర్ణా వారు తీసిన చిత్రం. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. తర్వాతి ఏడు 'అంతస్తులు', ఆ తర్వాత బి. ఎన్. రెడ్డి 'రంగులరాట్నం', 1967కు మళ్ళీ ఆదుర్తి 'సుడిగుండాలు', 1968కి ఎస్. వి. రంగారావు దర్శకత్వం వహించిన 'బాంధవ్యాలు'. ఇంకొంచెం ముందుకు వస్తే 1972లో కె. విశ్వనాథ్ 'కాలం మారింది'.

ఈ వరుసను విమర్శించడం తేలిక. మధ్యతరగతి కుటుంబం, అన్నదమ్ముల పంపకాలు, స్నేహాలూ అనుమానాలూ - ప్రభుత్వానికి నచ్చింది ఇదేనని తేల్చి పారేయవచ్చు. కాని అది పూర్తి నిజం కాదు. 'రంగులరాట్నం'లో పల్లె వదిలి పట్నానికి వచ్చిన కుటుంబం పురపాలక రాజకీయాల్లో పడి చీలిపోతుంది. 'సుడిగుండాలు' నేరం చేసిన కుర్రవాళ్ళను పట్టుకుని, వాళ్ళను తయారుచేసిన సమాజాన్ని బోనులో నిలబెడుతుంది. 'కాలం మారింది' కుల సమస్యను ముట్టుకుంటుంది. తొలి నందుల్లో సంస్కరణాభిలాష వున్నది. ఆనాటి ప్రభుత్వం సినిమాను వట్టి వినోదంగా చూడలేదనడానికి ఇది సాక్ష్యం. దీన్ని మనం కాదనకూడదు.

నా ఫిర్యాదు వేరు. ఆదుర్తినే తీసుకోండి. 'డాక్టర్ చక్రవర్తి' జనానికి నచ్చిన నవల, పేరున్న తారలు, అనుభవమున్న సంస్థ. మరుసటి ఏడాది అదే ఆదుర్తి 'తేనెమనసులు' చిత్రంలో అందరినీ కొత్తవాళ్ళను పెట్టాడు. ఆ తర్వాత అక్కినేని నాగేశ్వరరావుతో కలిసి, చక్రవర్తి చిత్ర అనే పేరుతో, లాభం సంగతి పక్కనబెట్టి 'సుడిగుండాలు' తీశాడు; 1970లో 'మరో ప్రపంచం' తీశాడు. ఈ నాలుగు చిత్రాల్నీ కలిపే దారం ఏది? నిర్మాణ సంస్థ కాదు, అది మారింది. తారలు కాదు, వాళ్ళూ మారారు. కథారచన కూడా ఒకరిది కాదు. ఆ దారం దర్శకుడు. జనం మెచ్చిన విజయంలోంచి ప్రయోగానికి పోవడానికి ధైర్యం చేసిన ఒక మనిషి ఎదుగుదల అది. కాని బహుమతి చిత్రానికి మాత్రమే ఇచ్చినప్పుడు ఈ దారం కనిపించదు. రెండు బంగారు నందులు రెండు విడి వస్తువులుగా వుండిపోతాయి. చరిత్ర రాసేవాడు తర్వాత వెతికి అతకవలసి వస్తుంది.

ఇదే సమయంలో దేశంలో ఇతరచోట్ల ఏం జరిగింది? జాతీయ బహుమతులు 1954 నుంచీ వున్నా, 1967 చిత్రాలతో మొదటిసారిగా దర్శకత్వానికి ప్రత్యేక బహుమతి ఏర్పడింది. అది 'చిడియాఖానా' చిత్రానికి సత్యజిత్ రాయ్‌కి వచ్చింది. ఆ ఏడే జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం 'సుడిగుండాలు'. కేరళ ప్రభుత్వం 1969లో తన బహుమతులు ప్రారంభించినప్పుడు మొదటి ఏటినుంచే ఉత్తమ దర్శకుణ్ణి ఎన్నుకున్నది. 'నది' చిత్రానికి ఎ. విన్సెంట్‌కు ఇచ్చింది. మనకంటే అయిదేళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టినవారు మనకంటే ముందుగా దర్శకుణ్ణి లెక్కలోకి తీసుకున్నారు. ఒక బహుమతివల్ల అక్కడ గొప్ప దర్శకులు పుట్టుకొచ్చారని నేననను. కాని దర్శకుడి పేరుతో సినిమాను చర్చించే అలవాటు ఒక సమాజంలో పెరగడానికి ఇటువంటివి తోడ్పడతాయి. 1967 నుంచి 2023 చిత్రాల వరకు జాతీయ స్థాయిలో ఉత్తమ దర్శకత్వ బహుమతి ఒక్క తెలుగు చిత్రానికి కూడా రాలేదన్న సంగతిని ఈ వెలుగులో ఆలోచించాలి. తెలుగులో దర్శకులు లేకపోవడం దీనికి కారణమని నేను ఒప్పుకోను.

* * *

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అభ్యుదయవాదులే ఆ ఆక్షేపణ చేస్తారు కాబట్టి దానికి జవాబు చెప్పాలి. సినిమా సమష్టి శ్రమ కదా, వందలమంది చేసిన పనిని ఒకడి పేరు కింద రాయడం వ్యక్తిపూజ కాదా?

సమష్టి శ్రమ అన్నమాట నిజం. బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి'ని చూడండి. జాతీయ స్థాయిలో ఆ చిత్రం ఉత్తమ తెలుగు చిత్రమైంది. అందులో నటనకు అర్చనకు, ఛాయాగ్రహణానికి ఎ. కె. బీర్‌కు, కళాదర్శకత్వానికి వైకుంఠంకు బహుమతులు వచ్చాయి. దుస్తుల రూపకల్పనకు కూడా వచ్చింది. గడీలో దాసి బతుకు అంటే ఏమిటో ఆ చిత్రం చాలా తక్కువ మాటల్లో చెబుతుంది. ఆ చీర రంగు, ఆ గోడమీద వెలుతురు, ఆ స్త్రీ నడక - మూడూ ఒకే మాట పలుకుతాయి. నాలుగు శాఖలవారు ఒకే చిత్రంలో ఒకే ఎత్తుకు వచ్చారంటే అది యాదృచ్ఛికం కాదు. నలుగురినీ ఒకే అర్థంవైపు నడిపిన మనిషి ఒకడున్నాడు. ఆ నడపడమే దర్శకత్వం.

కాబట్టి దర్శకుడి బహుమతి యాజమాన్యపు పట్టా కాదు. బాధ్యత ఎవరిదో పేరుపెట్టి చెప్పడం. ఈ చిత్రం ఇలా చూసిందంటే, ఈ మనుషుల పక్షాన నిలిచిందంటే, లేదా నిలవలేదంటే, జవాబుదారీ ఫలానావాడు అని చెప్పడం. నిర్మాత తన డబ్బుకు జవాబుదారీ. తార తన కీర్తికి జవాబుదారీ. చిత్రపు చూపుకు జవాబుదారీ దర్శకుడు. వ్యక్తిపూజ తారల విషయంలో జరుగుతుంది. దర్శకుణ్ణి పేరుపెట్టి పిలవడం ఆ పూజకు విరుగుడు.

* * *

దర్శకత్వానికి ప్రత్యేకంగా నంది ఇవ్వడం వచ్చాక ఏం జరిగింది? ఒక కాలపు అభిరుచి ఎలా వుందో బహుమతుల పట్టికలోనే తెలుస్తుంది. 1980ల దశాబ్దంలో నంది గౌరవాలు దండిగా పొందిన చిత్రాలు చూడండి: 'మేఘసందేశం', 'ఆనందభైరవి', 'మయూరి', 'శ్రుతిలయలు'. సంగీతం, కూచిపూడి, భరతనాట్యం. 1985లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'మయూరి'కి ఏకంగా 14 నందులు వచ్చాయి. కాలు పోగొట్టుకున్నా నాట్యం మానని సుధాచంద్రన్ జీవితం అది, ఆమే నటించింది, గౌరవించదగిన చిత్రమే. కాని 'శంకరాభరణం' గెలిచిన తర్వాత, మంచి దర్శకత్వమంటే శాస్త్రీయ కళను గురించి చిత్రం తీయడమేనన్న భావన ఒకటి మనలో స్థిరపడింది. వస్తువు ఉదాత్తమైతే దర్శకత్వం ఉదాత్తమైనట్టే లెక్క. ఇది పొరపాటు కొలత. అదే కాలంలో గౌతమ్ ఘోష్ 'మా భూమి' వచ్చింది. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా, వూళ్ళలో వూరి మనుషుల మధ్య చిత్రించారు. టి. కృష్ణ 'నేటి భారతం' 1983లో వచ్చింది. శాస్త్రీయ కళ పేరున కొలిస్తే ఈ చిత్రాలు తూకానికే రావు.

1989లో 'శివ' ఈ కొలతను బద్దలు కొట్టింది. రాంగోపాల్ వర్మకు అది మొదటి చిత్రం. ఉత్తమ దర్శకుడి నంది అతనికి ఇచ్చారు. అందులో ఉదాత్తమైన వస్తువు లేదు. కాలేజీ, రౌడీలు, సైకిలు గొలుసు. వున్నది కెమెరా కదలిక, శబ్దం, నిశ్శబ్దం, భయాన్ని పోగుచేసే పద్ధతి. నిర్ణేతలు వస్తువును దాటి పనితనాన్ని చూశారు. ఆ నిర్ణయాన్ని నేను మెచ్చుకుంటాను. కాని అక్కడ మరో ప్రమాదం మొదలైంది. పనితనమే సర్వస్వమైతే చూపు ఎటు పోయినా ఫరవాలేదన్న వాదానికి తలుపు తెరుచుకుంటుంది. అదే దర్శకుడికి 'క్షణక్షణం', 'ప్రేమకథ' చిత్రాలకు కూడా నంది వచ్చింది. ఒక చిత్రం దేన్ని గురించి, ఎవరి పక్షాన అన్న ప్రశ్న క్రమంగా వెనక్కు పోయింది.

ఈ రెండు కొలతల మధ్య సమతూకం కొంతవరకు కుదిరిన కాలం 2008 నుంచి 2013 వరకు అని నా అభిప్రాయం. 2008కి 'గమ్యం' తీసిన క్రిష్. డబ్బున్న యువకుణ్ణి రోడ్డెక్కించి దేశం చూపించిన చిత్రం అది. 2009కి 'మగధీర' తీసిన రాజమౌళి. 2010కి 'గంగపుత్రులు' తీసిన పి. సునీల్‌కుమార్ రెడ్డి, మత్స్యకారుల బతుకు వస్తువు. 2011కి 'జై బోలో తెలంగాణ' తీసిన ఎన్. శంకర్. 2012కి 'ఈగ'తో మళ్ళీ రాజమౌళి. 2013కి 'అలియాస్ జానకి' తీసిన దయా కొడవగంటి.

ఈ పట్టికలో గమనించవలసింది ఒకటుంది. 2009 బంగారు నంది 'సొంతవూరు'కు వస్తే దర్శకుడి నంది 'మగధీర'కు వచ్చింది. 2010 బంగారు నంది 'వేదం'కు వస్తే దర్శకుడి నంది 'గంగపుత్రులు'కు వచ్చింది. 2011 బంగారు నంది 'శ్రీరామరాజ్యం'కు వస్తే దర్శకుడి నంది 'జై బోలో తెలంగాణ'కు వచ్చింది. ఉత్తమ చిత్రమూ ఉత్తమ దర్శకుడూ ఎప్పుడూ ఒకచోటే పడితే రెండో బహుమతి ఎందుకు? ఈ ఏళ్ళలో అవి విడిపోయాయి. దర్శకత్వం వేరే విలువ గల పని అని పట్టికే ఒప్పుకున్నది.

2011 నిర్ణయాన్ని నేను ప్రత్యేకంగా ఎత్తి చూపుతాను. రాష్ట్రం ఇంకా ఒకటిగా వున్నప్పుడు, వేరు కావాలని జనం వీధుల్లో వున్నప్పుడు, ఆ వేర్పాటును సమర్థించే చిత్రం తీసిన దర్శకుణ్ణి ఆ ఉమ్మడి రాష్ట్రపు బహుమతి వరించింది. తన ఉనికిని ప్రశ్నించిన చిత్రానికి ఒక ప్రభుత్వం బహుమతి ఇవ్వడం చిన్న విషయం కాదు. ప్రభుత్వపు బహుమతి ప్రభుత్వపు గొంతే కానక్కర్లేదని అది చూపించింది.

* * *

2014లో రాష్ట్రం రెండయింది. తర్వాతి కథ సంతోషించదగింది కాదు. 2012, 2013 బహుమతులు 2017 మార్చిలో గాని ప్రకటించలేదు. అదే ఏడు నవంబరులో 2014, 2015, 2016 బహుమతులు మూడూ ఒక్కరోజే ప్రకటించారు. దర్శకులు వరుసగా 'లెజెండ్'కు బోయపాటి శ్రీను, 'బాహుబలి'కి రాజమౌళి, 'శతమానం భవతి'కి సతీష్ వేగేశ్న. వెంటనే గొడవ మొదలైంది. 'రుద్రమదేవి' తీసిన గుణశేఖర్ తన చిత్రాన్ని ఎందుకు కాదన్నారో చెప్పమని బహిరంగ లేఖ రాశాడు. చరిత్రలో పాలించిన ఒక తెలుగు రాణి కథ ఎందుకు పనికిరాలేదన్నది అతని ప్రశ్న. ఆ తర్వాత సినిమా నందులు ఏళ్ళ తరబడి ఆగిపోయాయి.

తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేర చలనచిత్ర బహుమతులు నెలకొల్పి, 2025 జూన్ 14న హైదరాబాదులో ప్రదానం చేసింది. 2024 సంవత్సరానికి ఉత్తమ దర్శకుడు 'కల్కి 2898 ఏ.డి.' తీసిన నాగ్ అశ్విన్. ఇక్కడ ఒక చరిత్ర వైచిత్రి వున్నది. 1995లో 'ఒరేయ్ రిక్షా' చిత్రంలో పాటకు ప్రభుత్వం నంది ప్రకటిస్తే గద్దర్ తిరస్కరించాడు. ప్రభుత్వ బహుమతిని కాదన్న కవి పేరే ప్రభుత్వ బహుమతికి పేరయింది. దీన్ని అపహాస్యం చేయనక్కర్లేదు. కాని ఆ పేరు పెట్టుకున్న బహుమతి, ఆ తిరస్కారంలోని ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వుంటుంది: ఇచ్చేది ఎవరు, ఎవరి తరఫున, దేనికి?

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి. 2014 నుంచి 2023 వరకు మిగిలిపోయిన పదేళ్ళకూ ఉత్తమ చిత్రాలను ఎన్నుకున్నారు; ఏడుకు మూడు చొప్పున. దర్శకత్వానికి మాత్రం ఆ పదేళ్ళలో వేరే బహుమతి లేదు. అంటే 1964 నాటి పద్ధతికి తిరిగి వెళ్ళినట్టయింది. ఆ దశాబ్దంలోనే 'మహానటి' వచ్చింది, 'బలగం' వచ్చింది. చావింటి చుట్టూ తెలంగాణ పల్లె మనుషుల్ని నిలబెట్టిన ఆ చిన్న చిత్రం 2023కు ఉత్తమ చిత్రమైంది. దాన్ని తీసిన వేణు యెల్దండి దర్శకుడుగా లెక్కకు రాలేదు.

ఇప్పుడు రెండు పట్టికల్ని పక్కపక్కన పెట్టి చూడండి. 2014కు నంది ఉత్తమ చిత్రం 'లెజెండ్', గద్దర్ బహుమతుల్లో 'రన్ రాజా రన్'. 2015కు నంది 'బాహుబలి', ఇక్కడ 'రుద్రమదేవి'. ఎనిమిదేళ్ళ కిందట అడిగిన ప్రశ్నకు పొరుగు ప్రభుత్వం జవాబు చెప్పినట్టయింది. 2016కు నంది 'పెళ్ళిచూపులు', ఇక్కడ 'శతమానం భవతి'. ఒకే భాష, ఒకే ప్రేక్షకులు, అవే చిత్రాలు; మూడేళ్ళకు మూడేళ్ళూ తీర్పులు వేరు.

తీర్పులు వేరైతే తప్పేమీ లేదు. విమర్శ అంటేనే భిన్నాభిప్రాయం. అసలు తప్పు ఏమిటంటే, ఏ తీర్పు వెనక ఏ కారణముందో మనకు తెలియకపోవడం. మనకు వినిపించేవి పేర్లే. 'రుద్రమదేవి' మొదట ఎందుకు ఓడింది, తర్వాత ఎందుకు గెలిచింది? 'జై బోలో తెలంగాణ'లో దర్శకత్వపు గుణం ఏమని నాటి నిర్ణేతలు భావించారు? 'శివ' గెలిచినప్పుడు వాళ్ళలో ఎవరైనా కాదన్నారా? ఇవి రాసిపెట్టి వుంటే తెలుగు సినిమా విమర్శకు అరవై ఏళ్ళ చరిత్ర వుండేది. ఇప్పుడున్నది పట్టిక. కారణం చెప్పని తీర్పును బయటివాళ్ళు కులంతోనో, పార్టీతోనో, ప్రాంతంతోనో వివరించుకుంటారు. 2017లో జరిగింది అదే. అనుమానించినవాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. అనుమానానికి చోటిచ్చింది ఆ మౌనమే.

అందుచేత నేను కోరేది చాలా చిన్న విషయం. ఇకమీదట ఏ ప్రభుత్వం ఏ పేరుతో ఉత్తమ దర్శకుడి బహుమతి ఇచ్చినా, దానితోబాటు నిర్ణేతలు తమ కారణాలను తెలుగులో నాలుగు పేజీలు రాసి అచ్చువేయాలి. ఏ చిత్రాలను చివరిదాకా చర్చించారో, ఎందుకు ఒకదాన్ని తీసుకుని మరొకదాన్ని వదిలారో, ఎవరైనా ఒప్పుకోకపోతే వారి మాట ఏమిటో అందులో వుండాలి. బహుమతి ఏ ఏటికి ఆ ఏడే ఇవ్వాలి. పదేళ్ళ బాకీని ఒక సాయంత్రం తీర్చడం లెక్కలు మూసేయడమే గాని విమర్శ కాదు. వదిలేసిన పదేళ్ళ దర్శకుల లెక్క కూడా తేల్చాలి.

దీనికి ఖజానా నుంచి పెద్దగా ఖర్చు కాదు. కావలసింది నిర్ణేతలకు తమ మాట తాము నిలబెట్టుకునే ధైర్యం. దర్శకుడు తన చిత్రం చూపుకు జవాబుదారీ అయితే, అతన్ని ఎన్నుకున్నవారు తమ చూపుకు జవాబుదారీ కావద్దా? లేపాక్షి శిల్పి పేరు రాసిపెట్టేవాళ్ళు ఆనాడు లేకపోయారు. ఈనాడు కాగితమూ వుంది, కలమూ వుంది, చదవడానికి జనమూ వున్నారు. పేరు రాయడం దాకా మనం వచ్చాం. ఆ పేరు ఎందుకు రాశామో కూడా రాయడం మిగిలింది.